బీరువా కదలాలి, మీరు కదలకూడదు: ఇల్లు మారేవారికి పదిహేను చిట్కాలు

ఇల్లు మారడం బరువు పని. ఆ బరువు ఎత్తడానికి కూలీలున్నారు, మోయడానికి లారీలున్నాయి, రెండూ ఏర్పాటు చేయడానికి ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీలున్నాయి. మీరు చేయాల్సింది ఒక్కటే. పని మీ మీద పడకుండా, తప్పు మీ మీదికి రాకుండా అయిదొందలు మిగుల్చుకోవాలి. ఆ అయిదొందల వెనకాల యాభై వేలు పోతే పోనివ్వండి. పోయినదాన్ని ఎవరూ అడగరు, మిగుల్చుకున్నదాన్ని పదేళ్ళు చెప్పుకోవచ్చు.

ఈ చిట్కాలు ముఖ్యంగా రాజపాళయం వారికి. పుదుపాళయం, సింగరాజకోట, సక్కరాజకోట ఎక్కడ చూసినా తాతల నాటి ఇళ్ళే. ఇంటింటా గొలుసుల ఊయల బల్ల, టేకు పందిరి మంచం, అటక నిండా ఇత్తడి, ఎవరి పెళ్ళిలో వచ్చిందో ఎవరికీ గుర్తులేని ఉక్కు బీరువా. విజయనగర, నాయక రాజుల కాలాల్లో తెలుగునాటి నుంచి రాజు కులంవారు ఇంత దూరం తరలివచ్చినప్పుడు ఏ కంపెనీ వాడూ కొటేషన్ పంపలేదు. అయినా క్షేమంగా చేరుకున్నారు. ఇప్పుడు ఫోను ఉంది, యూపీఐ ఉంది, మదురై దాకా జాతీయ రహదారి ఉంది. పని చెడగొట్టుకోవడానికి వాళ్ళకు లేని వసతులన్నీ మీకున్నాయి. వాడుకోండి.

1. ఊరంతా మారే రోజే మీరూ మారండి

ఆడి మాసంలో, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, తమిళనాట ఇల్లు మారేవాళ్ళు అరుదు. మార్గళిలోనూ అంతే. ఆ రోజుల్లో బండ్లు ఖాళీగా నిలబడి ఉంటాయి, మనుషులు దొరుకుతారు, కిరాయి తగ్గించమంటే తగ్గిస్తారు. కొందరు ఆడిలోనే కంపెనీ వాళ్ళను పిలిచి సామాను చూపించి, తర్వాతి నెల ఆవణికి బండి ఖాయం చేసుకుని, రేటు కాగితం మీద రాయించుకుంటారు. వాళ్ళకు వేరే పని లేదు.

మీరు ఆవణిలో మొదటి మంచి ముహూర్తం చూసుకోండి. ఊళ్ళో సగం మంది అదే రోజు చూసుకున్నారు కనుక రోజు మంచిదేనని మీకు నమ్మకం కుదురుతుంది. ముందురోజు రాత్రి తొమ్మిది దాటాక ఫోను చేసి, "పొద్దున రాహుకాలం రాకముందే బండి ఇంటి ముందుండాలి" అని గట్టిగా చెప్పండి. రెట్టింపు అడుగుతాడు. "మేం మీ పాత కస్టమర్లమే" అనండి. మీరెవరో ఆయనకు తెలియదు. కాదనడానికి మొహమాటపడతాడు.

2. సామాను సగం చెప్పండి

"ఇంటికొచ్చి చూసి రేటు చెబుతాం" అంటారు. రానివ్వకండి. వస్తే మిద్దె మీద గది చూస్తారు, అటక చూస్తారు, పెరట్లో రుబ్బురోలు చూస్తారు. "ఏముంది అన్నా, ఒక మంచం, నాలుగు కుర్చీలు, కొంచెం గిన్నెలు" అని ఫోన్లోనే తేల్చేయండి. కొలువు బొమ్మల మెట్లు, ఊయల, గ్రైండరు, రెండు బీరువాలు ఆ "కొంచెం"లోకే వస్తాయి.

మీ మాట నమ్మి వాళ్ళు టాటా ఏస్ పంపుతారు. 2005లో వచ్చిన ఈ చిన్న బండిని తమిళనాట జనం ముద్దుగా చిన్న ఏనుగు అంటారు. అది మోయాల్సింది ముప్పావు టన్ను. మీ ఇంట్లో ఉన్నది దానికి నాలుగింతలు. ఇప్పుడు బేరం మీ చేతిలో ఉంది. మీరు మారేది మదురైకనుకోండి, ఎనభై అయిదు కిలోమీటర్లు. "నాలుగు ట్రిప్పులు వేస్తే సరి, ముందు చెప్పిన రేటుకే" అనండి. వాళ్ళు ఒప్పుకోరు. మధ్యాహ్నం పన్నెండింటికి, సగం సామాను వీధిలో ఉండగా, పెద్ద బండి కోసం మీరే ఊరంతా ఫోన్లు చేస్తారు. ఆ గంటలో దొరికే ధర మరెప్పుడూ దొరకదు.

3. రేటు చూడండి, మనిషిని చూడకండి

అయిదారు కంపెనీలను అడిగి అందరికంటే తక్కువ చెప్పినవాడికి పని అప్పగించండి. వాడు మిగతావాళ్ళు చెప్పినదాంట్లో సగమే చెబితే ఇంకా మంచిది. కంపెనీ పేరు ఎప్పుడో టీవీలో విన్నట్టు అనిపిస్తే చాలు, అక్షరం తేడా పట్టించుకోకండి. ఆఫీసు ఎక్కడని అడగకండి. ఆఫీసుంటే అద్దె ఉంటుంది, ఆ అద్దె మీ బిల్లులోకి వస్తుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద సరుకు రవాణా చేసేవాళ్ళకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది.

డబ్బంతా ముందే పంపేయండి. మీ ఉదారత చూసి వాళ్ళు సామానును ఎంతో ప్రేమగా చూసుకుంటారు, వదిలిపెట్టాలనిపించనంతగా. బండి సగం దారిలో ఆగి, "ఇంకో పదిహేను వేలు పంపితే కదులుతాం" అని ఫోను వస్తుంది. కంగారుపడకండి. మీ సోఫా ఏదో ఊరి గోడౌనులో నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటుంది. ఇంట్లో దానికి ఆ అవకాశం ఎప్పుడూ దొరకలేదు.

4. జాబితా రాయకండి

కాగితం, పెన్ను, ఒక గంట వృథా. వాడిన ఇంటి సామానుకు జీఎస్టీలో ఈ-వే బిల్లు అక్కర్లేదు. ఏమేం ఉన్నాయో, వాటి విలువ ఎంతో రాసిన జాబితా, "ఇవి నా సొంత సామాన్లు" అన్న ఒక ఉత్తరం డ్రైవరు చేతిలో పెడితే దారిలో ఎవరు ఆపినా చూపిస్తాడు. అంత తేలిగ్గా పోయే ప్రయాణంలో ఏం రుచి ఉంటుంది? డ్రైవరును ఒట్టి చేతులతో పంపండి. ఎవరైనా ఆపి "లోపల ఏముంది?" అంటే వాడు మీకు ఫోను చేస్తాడు. మీరు ఎత్తకండి.

జాబితా లేకపోవడంలో ఇంకో లాభం ఉంది. అవతల దిగాక ఎన్ని పెట్టెలు రావాలో ఎవరికీ తెలియదు కనుక ఏదీ పోలేదు. ఆరు నెలల తర్వాత ఇడ్లీ పాత్ర కనిపించనప్పుడు "మీ అమ్మ వాళ్ళింటికి తీసుకెళ్ళావేమో" అని ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

5. అన్నీ పాతవేనని రాయించండి

విలువ ఎంత అని అడుగుతారు. "అంతా పాత సామాను, విలువేముంది" అని రాయించండి. ఇన్సూరెన్స్ డబ్బు మిగులుతుంది. ఎక్కువ విలువ ముందే ప్రకటించి అదనపు రేటు కడితే తప్ప, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లు దాటదని రోడ్డు రవాణా చట్టం కింద వచ్చిన 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ప్రకటించిన విలువ అంతకంటే తక్కువైతే ఆ తక్కువే దక్కుతుంది. మీరు రాయించింది శూన్యం. శూన్యం ఎన్ని రెట్లయినా ఎంతో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఊయల బల్ల విరిగాక మాత్రం గొంతు మార్చండి. "అది నూకమాను, రోజ్‌వుడ్! మా ముత్తాత కేరళ నుంచి తెప్పించింది! రెండు లక్షలు!" అనండి. కాగితం మీద పాత చెక్క అనే ఉంటుంది. కాగితానికి అభిమానం ఎక్కడిది?

6. పెట్టెలు ఊరికే సంపాదించండి

కంపెనీ వాళ్ళు మందపు అట్టపెట్టెలు, బుడగల ప్లాస్టిక్ పొర తెస్తామంటారు. దానికి డబ్బు అడుగుతారు. వద్దనండి. శివకాశి దగ్గరే. దీపావళి టపాకాయల ఖాళీ డబ్బాలు ఎవరింట్లోనైనా ఉంటాయి. పింగాణీ గిన్నెలన్నీ వాటిలో సర్దండి. పైన బాంబు బొమ్మ, "జాగ్రత్త, మండే పదార్థం" అన్న అక్షరాలు ఉన్నాయి కనుక కూలీలు భయపడి మెల్లగా దించుతారని మీ లెక్క. దారిలో పోలీసులు మొత్తం విప్పించి చూస్తారని వాళ్ళ లెక్క.

పక్కనే ఛత్రపట్టిలో ఆసుపత్రులకు వాడే బ్యాండేజీ గుడ్డ నేస్తారు. కొందరు ఆ మెత్తటి గుడ్డను మంచం కోళ్ళకు, అద్దం అంచులకు చుడతారు. పొదుపు తెలియని మనుషులు. ఆ గుడ్డ అలాగే అట్టే పెట్టండి. సాయంత్రానికి బీరువా దించినవాళ్ళ వేళ్ళకు కావాలి.

7. బీరువాను నిండుగా పంపండి

గోద్రెజ్ వాళ్ళు 1923 నుంచి ఉక్కు బీరువాలు చేస్తున్నారు. నూరేళ్ళ పేరున్న వస్తువును ఖాళీగా పంపడం అవమానం. పట్టుచీరలు, పత్రాలు, వెండి పళ్ళాలు, పెళ్ళి ఆల్బములు అన్నీ అందులోనే ఉండనివ్వండి. తాళం వేసి, తాళం చెవి ఇంకో బీరువాలో పెట్టి, దానికీ తాళం వేయండి. నగలు లోపల ఉన్నాయని మీ బావమరిదితో ఫోన్లో, కూలీలు వింటుండగా చెప్పండి. వాళ్ళు ఇంకా జాగ్రత్తగా మోస్తారు.

తలుపుకున్న నిలువుటద్దం మీద దుప్పటి కప్పమంటే, "ఇన్నేళ్ళుగా పగల్లేదు, ఇప్పుడెందుకు పగులుతుంది?" అనండి. ఫ్రిజ్ విషయంలోనూ ఇదే పద్ధతి. ముందురోజు రాత్రి ఆపి, నీరు కార్చి, తుడిచి, నిలువుగా పెట్టమంటారు. పొద్దున లారీ హారన్ వినబడ్డాకే ప్లగ్గు పీకండి. మజ్జిగ చెంబు, పులిహోర గిన్నె, ఆవకాయ జాడీ లోపలే ఉంచి అడ్డంగా పడుకోబెట్టండి. ఆవకాయ నూనె తలుపు సందుల్లో ఇంకితే కొత్తింట్లోనూ పాతింటి వాసన ఉంటుంది.

8. బోల్టులు భద్రంగా దాచండి

మంచం విప్పినప్పుడు రాలే నట్లు, బోల్టులు, మరమేకులు ఒక సంచిలో వేసి అదే మంచం పట్టెకు కట్టేయడం మొరటు పద్ధతి. మీరు వాటిని మంచి చోట పెట్టండి. ఉదాహరణకు పూజగదిలో గ్లాసులో. తర్వాత ఆ గ్లాసును కడిగి కూలీలకు నీళ్ళివ్వండి. ఏ చెక్క ఎక్కడ బిగించాలో ఫోటో తీయకండి. కొత్తింట్లో రాత్రి పదింటికి నలుగురు మగవాళ్ళు నేల మీద కూర్చుని, ఏడు చెక్కలు పెట్టుకుని, "ఇది తలవైపుదే" అని వాదించుకుంటుంటే అంతకన్నా కుటుంబ ఐక్యత ఇంకెక్కడుంది?

9. కుక్కను విప్పి ఉంచండి

ఈ ఊరి పేరు పెట్టుకున్న తెల్లని వేటకుక్క మీ ఇంట్లో ఉంటే ఆ రోజు కట్టేయకండి. అడవి పందుల మీదికి ఉరికిన జాతి అది. గులాబీ రంగు ముక్కు, పొడవాటి కాళ్ళు. తపాలా శాఖ 2005లో దాని బొమ్మతో స్టాంపు వేసింది. స్టాంపు మీదికెక్కిన జీవికి గొలుసు వేయడం ఏం బాగుంటుంది? అది కొత్తవాళ్ళను నమ్మదు. ఇంటి సామాను మోసుకుపోయే కొత్తవాళ్ళను అసలే నమ్మదు. బీరువా పట్టుకుని మెట్ల మధ్యలో ఉన్నవాళ్ళ ముందుకు అది వచ్చి నిలబడ్డప్పుడు "ఏం చేయదు, ఏం చేయదు" అని పెరట్లోంచి అరవండి. బీరువా మాత్రం ఏదో ఒకటి చేస్తుంది.

10. ఊయల మీద కూర్చుని పని నడిపించండి

ఊయల బల్లను అన్నిటికన్నా చివర విప్పించండి. అప్పటిదాకా దాని మీద కూర్చుని ఊగుతూ ఆజ్ఞలు జారీ చేయండి. "అలా కాదు తమ్ముడూ, ఇలా", "అటువైపు ఎత్తు", "మా కాలంలో ఒక్కడే మోసేవాడు". ఏ ఇద్దరూ ఒకే మాట వినకుండా చూడండి. మీరు ఎడమకన్నప్పుడు మీ పెద్దనాన్న కుడికి అనాలి.

కూలి బేరం పొద్దున ముగించకండి. భోజనాల వేళ, వాళ్ళ కడుపు కాలుతున్నప్పుడు మళ్ళీ మొదలుపెట్టండి. శ్రీవిల్లిపుత్తూరు నుంచి కిలో పాలకోవా తెప్పించండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు కనుక చూడగానే నోరూరుతుంది. డబ్బా మూత తీసి అందరికీ చూపించి, "పని పూర్తయ్యాక" అని మూత పెట్టేయండి. పని పూర్తయ్యాక మీరే తినేయండి. టీ మాత్రం ఇవ్వండి, నలుగురికి రెండు గ్లాసులు. ఆ తర్వాత లారీలోకి మీ గ్రైండరు ఎంత వేగంగా వెళ్తుందో గమనించండి.

11. ముందు కావాల్సింది ముందు ఎక్కించండి

కొత్తింట్లో అన్నిటికన్నా ముందు దీపం, ఉప్పు, పసుపు, పాలు పొంగించే గిన్నె లోపలికి వెళ్ళాలి. కనుక వాటినే అన్నిటికన్నా ముందు లారీలోకి ఎక్కించండి. మీ భక్తి అందరికీ తెలుస్తుంది. వాటి మీద బియ్యం డ్రమ్ము, దాని మీద పరుపులు, దాని ముందు రెండు బీరువాలు. ముహూర్తం వేళకు అత్తయ్య పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది, గిన్నె లారీ కడుపులో ఉంటుంది. పక్కింటివాళ్ళ గిన్నె అడిగి తెచ్చుకోండి. కొత్త ఇరుగుపొరుగుతో తొలి అప్పుకు ఇంతకన్నా శుభ సమయం లేదు.

12. చూసినందుకు మీరే కూలి అడగండి

ఇల్లు కొల్లం వైపు మారుతుంటే బండి తెన్‌కాశి, సెంగోట్టై దాటి ఆర్యంకావు మీదుగా కేరళలోకి దిగుతుంది. అక్కడ బరువు మోసే కార్మికులకు ప్రత్యేక చట్టం ఉంది. పని చేయకుండా చూస్తూ నిలబడినందుకు వసూలు చేసే నోక్కుకూలి అనే ఆచారమూ చాలాకాలం నడిచింది. 2018 మే 1 నుంచి కేరళ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. బుద్ధిమంతులైతే దించే కూలి ఎవరికి, ఎంత అన్నది ముందే కాగితం మీద రాయించుకుంటారు.

మీరు అవతలి వాదం ఎత్తుకోండి. తెల్లవారినప్పటి నుంచి మీ చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువసేపు చూస్తూ నిలబడింది మీరే. మూడు టీలు తాగి మరీ చూశారు. బిల్లులో వెయ్యి తగ్గించమనండి. ప్రభుత్వం నిషేధించింది కదా అంటే, "అది కూలీలకు, ఓనర్లకు కాదు" అనండి. వాళ్ళు ఆలోచించేలోపు లోపలికి వెళ్ళి తలుపేసుకోండి.

13. పాత సామానుకు ఇల్లు వెతకండి, మీది తప్ప

కాళ్ళు ఊగే కుర్చీలు, నురుగు బయటికొచ్చిన సోఫా, చెదలు పట్టిన బల్ల. వీటిని తీసుకెళ్ళడానికి కొంత డబ్బిస్తే కంపెనీ వాళ్ళే మనుషులను పంపుతారు. మున్సిపాలిటీకి చెబితే ఎలా ఇవ్వాలో చెబుతుంది. ఆ రెండూ చేయకండి. మీ ముందు ఇన్ని దారులున్నాయి:

రాత్రి రెండింటికి వీధి మలుపులో పెట్టి రండి. చెత్త వీధిలో పడేయకూడదని, తగలబెట్టకూడదని వ్యర్థాల నిబంధనలు అంటాయి. కుర్చీ చెత్త అని ఎవరన్నారు? "జనం కూర్చోవడానికి పెట్టాం" అనండి. సోఫా వెనక పాత పెళ్ళి శుభలేఖ మీ పేరుతో సహా ఇరుక్కుని ఉందేమో మాత్రం చూసుకోకండి.

భోగి దాకా ఆగండి. ఆ తెల్లవారుజామున సోఫా నురుగు, రెగ్జిన్, సన్‌మైకా బల్ల అన్నీ ఒకే మంటలో వేయండి. 2018 భోగి పొగకు చెన్నై విమానాశ్రయంలో విమానాలే ఆగిపోయాయి. రాజపాళయంలో విమానాశ్రయం లేదు కనుక మీకు అడ్డు లేదు. దగ్గు పక్కింటి తాతగారిది.

పాత ఇనుప సామాన్ల బండివాడికి కిలోల లెక్కన ఇచ్చేయండి. నల్లగా, బరువుగా, దుమ్ము పట్టి ఉన్న పెద్ద కుర్చీని ముందు ఇవ్వండి. అది నూకమాను అని అడగకుండానే వాడికి తెలుసు. కారైకుడి మునీశ్వరన్ కోవిల్ వీధి దుకాణాల్లో పాత చెట్టినాడు ఇళ్ళ తలుపులు, స్తంభాలు, కుర్చీలు కొనడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. ఎప్పుడైనా అటు వెళితే మీ కుర్చీని పలకరించండి. ధర మాత్రం అడగకండి, గుండె జబ్బుంటే అసలే వద్దు.

దానం చేయాలనిపిస్తే విరిగినవే చేయండి. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన ఈ ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజా గారు తన ఇంటినే గాంధీ కళామన్రానికి ఇచ్చేశారు. ఇల్లంత దానం ఆయన చేసేశారు కనుక ఊరి లెక్క సరిపోయింది. మీరు మూడు కాళ్ళ స్టూలు ఇచ్చి, ఫోటో తీయించుకుని, రసీదు అడగండి.

14. గుమ్మం కొలవకండి

టేపు ఒకటి కొనాలి, దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఎందుకొచ్చిన గొడవ? పాతింటి గుమ్మం ఏనుగు దూరేలా ఉండేది. మదురై ఫ్లాటుది మీరు దూరితే చాలన్నట్టుంటుంది. బీరువాను నాలుగో అంతస్తు దాకా మోయించి, గుమ్మం దగ్గరికి వచ్చాక, "ఎలాగైనా పట్టించండి" అనండి. లిఫ్టు సామానుకు వాడొచ్చా అని అపార్ట్‌మెంట్ వాళ్ళను ముందే అడగకండి. ఆదివారం మధ్యాహ్నం, కార్యదర్శి నిద్రపోతున్న వేళ వాడండి. పట్టని బీరువాను మెట్ల మీదే వదిలేయండి. పైకి వెళ్ళే ప్రతివాళ్ళూ దాన్ని చూసి మీ గురించి మాట్లాడుకుంటారు. పరిచయాలు అలాగే పెరుగుతాయి.

15. ముందు సంతకం, తర్వాత చూపు

సామాను దిగగానే ఒక కాగితం ఇస్తారు. "అన్నీ సవ్యంగా అందాయి" అని అందులో ఉంటుంది. ఏ పెట్టె విప్పకుండా, ఏ ఫోటో తీయకుండా సంతకం పెట్టేయండి. వాళ్ళకు తొందర, మీకు ఆకలి. పగిలిన సంగతి వాళ్ళు వెళ్ళాకే తెలియడం మంచిది. లేకపోతే వాళ్ళ ముందే కోపం తెచ్చుకోవాలి, అది ఆరోగ్యానికి చెడు.

నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడానికి రోడ్డు రవాణా చట్టం సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులు ఇస్తుంది. తొందరేం లేదు. 181వ రోజు మంచి రోజేమో పంచాంగంలో చూడండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు, కాబట్టి చేయకండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళ లోపు వెళ్ళొచ్చు, చెల్లించిన మొత్తం అయిదు లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు. ఊరికే వచ్చేదానికి విలువ ఉండదని మన పెద్దలకు తెలుసు. దాని బదులు టీకొట్టు దగ్గర రోజూ సాయంత్రం ఆ కంపెనీని తిట్టండి. వినేవాళ్ళు మారుతుంటారు కనుక కథ పాతబడదు.

చేతిలో ఉంచుకోవాల్సిన సాకులు

పని మధ్యలో ఎప్పుడు ఏది అవసరమవుతుందో తెలియదు. ఇవి బట్టీ పట్టండి.

సామాను ఎత్తమంటే: "డాక్టరు వద్దన్నాడు." ఏ డాక్టరని ఎవరూ అడగరు.

కూలి డబ్బు అడిగితే: "సర్వర్ డౌన్ అంటోంది, రాత్రికి పంపిస్తా."

సామాను ఇంత ఉందని ముందే ఎందుకు చెప్పలేదంటే: "మా మామగారు నిన్న రాత్రే పంపించారు."

అద్దం పగిలితే: "దిష్టి పోయింది." ఇది ఇంట్లోవాళ్ళ కోసం. కంపెనీ వాళ్ళకైతే: "అది బెల్జియం అద్దం."

పాతింటి ఓనరు గోడకు పడ్డ గీతలు చూపిస్తే: "మేం వచ్చినప్పటికే ఉన్నాయి." ఆయన పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉన్నా ఇదే చెప్పండి.

మీ ఆవిడ అడిగితే సాకు వెతకొద్దు. కంపెనీని ఎంచుకున్నది ఆవిడ తమ్ముడేనని మెల్లగా గుర్తుచేయండి.

ఇవన్నీ పాటించాక

రాత్రి పదకొండుకు కొత్తింట్లో చుట్టూ చూడండి. మంచం లేదు, పరుపు ఉంది. ఫ్రిజ్ ఉంది, చల్లదనం లేదు. తాళం వేసిన బీరువా ఒకటి మెట్ల మీద, దాని తాళం చెవి ఉన్న రెండోది దారిలో. మీరు మాత్రం నడుము నొప్పి లేకుండా, చొక్కా నలగకుండా ఉన్నారు. అనుకున్న పని అనుకున్నట్టే జరిగింది.

ఇప్పుడు ఆ కంపెనీకి అయిదు నక్షత్రాలిచ్చి, మీ బావగారికి నంబరు పంపండి. ఆయన సామాను చక్కగా చేరితే మీ సామాను సంగతి బయటపడుతుంది, అందుకే ఈ పదిహేను చిట్కాలూ దాంతోపాటే పంపండి. మీ విషయంలో ఇక దిగులు లేదు. వచ్చే ఏడాది మళ్ళీ ఇల్లు మారాల్సి వస్తే, మిగిలిన సామానుకు టాటా ఏస్ ఒక్క ట్రిప్పు సరిపోతుంది. అప్పుడు ఫోన్లో "కొంచెమే ఉంది అన్నా" అంటే అది నిజమే అవుతుంది.